పెంట

మబ్బుల మూడింటికి బోయిన్‌పల్లి గేటు కాడ
నలభై రెండు ట్రేల టమాట దించిన.
అడ్తి సేటు పైపొరల రెండు కాయలు నొక్కి
"మెత్తబడ్డయి అనంతయ్యా" అన్నడు,
నన్నే నొక్కి చూసినట్టు.

పదహారు ట్రేలు తీసుకున్నడు.
మిగిలినయి వాపస్ తీస్కపోతే డీసీఎం కిరాయి,
ఈడ్నే పారబోస్తే ఫుకట్.
పండించుడు ఎంత పిరమో
పారబోసుడు ఎంత అగ్గువనో
ఆ గేటు కాడ నిలబడ్డోనికే ఎరుక.

పోయినేడు గిట్లనే రోడ్డు మీద గుమ్మరించిన.
బస్సులు తొక్కుకుంట పోయినయి.
ఆ ఎరుపు నా చెప్పులను పట్టుకొని
చేవెళ్ళ దాకా వచ్చింది.

ఈసారి ఈదమ్మ ఆపింది.
వెనక షెడ్డుల చెత్త తూకం ఆమెది.
"ఆగన్నా, అంతా కలిపి పొయ్యకు.
సుతిలి ఇటెయ్యి, కవర్లు ఇటెయ్యి.
గ్యాస్ ట్యాంకుల ప్లాస్టిక్ పడితే
బర్రె కడుపుల పడ్డట్టే.
మంచియి ఏరి గంపల పెట్టు,
హాస్టలోళ్ళు వచ్చి పప్పులకు తీస్కపోతరు."

ఏరుకుంట కూసున్న.
నా కాయలను నేను గింత దగ్గరగ ఎన్నడు చూడలే.
పైన ఉన్నయి మంచియే.
అడుగున ఉన్నయే చితికినయి.
ఇరవై కిలోల ట్రేల ఇరవై ఆరు కుక్కింది
సేటు కాదు, నేను,
కిరాయి కలిసొస్తదని.
పొద్దటి సంది తిడుతున్న నోరు
జరసేపు ఊకుంది.

తొమ్మిదింటికి క్యాంటీన్ల చాయ్.
గిన్నె కింద నీలం మంట.
"గివి నా టమాటలేనా?" అన్న.
ఈదమ్మ నవ్వింది:
"గంత తొందరనా! గివి పోయిన నెల బీరకాయలు.
నీయి ఇంకా అరగాలె."
ఎవరి బీరకాయలో, ఏ ఊరియో.
ఆయన నష్టం మీద కాగిన చాయ్
ఊదుకుంట తాగిన.

మా ఊళ్ళె పెంట అంటే ఎరువు.
పిల్లనిచ్చేటోళ్ళు ఇంటికంటే ముందు
పెంటకుప్ప ఎత్తు చూసెటోళ్ళు.
పట్నంల అదే మాట తిట్టు.
నడుమ యాభై కిలోమీటర్ల తొవ్వల
ఆ మాట ఏ మలుపు కాడ కుళ్ళిందో!

పోయేటప్పుడు ఖాళీ ట్రేల నడుమ
ట్యాంకు కిందికెల్లి తీసిన ఎరువు, మూడు బస్తాలు.
డ్రైవర్ ముక్కు మూసుకున్నడు.
నేను అద్దం దించుకున్న.

ఇంటికాడ సుద్దముక్క తీసి
ఒక్కో ట్రేకు లోపల గీత గీసిన,
గీడి దాకనే అని.
లెక్కేస్తే ఇంకో పదమూడు ట్రేలు కావాలె,
కిరాయి పెరుగుతది.
సేటు రేపు కూడా నొక్కే చూస్తడు.

చూడనీ.