దించడం

షెఫీల్డ్‌లో జనవరి. పొద్దున్న అయిదున్నర.
రైలు వంతెన కింద, ఒకప్పుడు కత్తులు సానబట్టిన షెడ్డు.
మోరీన్ షట్టరు పైకి లాగుతుంది
అరవై ఏడేళ్ల భుజంతో.
నన్ను ఓ చెయ్యి వెయ్యనివ్వదు.

మూడు వారాలు నాకు చీపురుకర్రే ఇచ్చింది.
ఫాస్ట్ బౌలర్ని నేను.
నడుమెముకలో వెంట్రుకంత పగులు,
డాక్టరు పెన్నుతో చుట్టూ గీత గీసేదాకా
స్కానులో నాకే కనబడలేదు.
"కూర్చో. లే. మళ్లీ కూర్చో."
చంటిపిల్లలు గోడ పట్టుకుని నేర్చుకునే విద్య
ఇరవై మూడేళ్లకి ఓనమాల నుంచి దిద్దాను.

నాలుగో వారం ఇనపకడ్డీ.
అరచేతుల్లో మంచుగడ్డ.
సుద్దపొడి రాసుకుంటే
బళ్లో నల్లబల్ల తుడిచిన వాసన.
ఎత్తాను. గెలిచినట్టు చూశాను.
"ఎవరైనా ఎత్తుతారు. ఇప్పుడు దించు,
అయిదు లెక్కపెడుతూ."
ఎత్తడం ఒక ఎత్తు,
దించడం ఒక్కటీ ఒక ఎత్తు.
ఈ మాట నా భాషకి ఎప్పుడో తెలుసు,
నా తొడలకే తెలీదు.
మూడో అంకె దగ్గర మోకాళ్లు చలిమిడి.

పరుగెత్తుకొచ్చి ముందుకాలు నేలకి తాటించే క్షణం,
నా బరువే అయిదారు రెట్లై నా మీద విరుచుకుపడే క్షణం,
దానికోసమట ఈ కూర్చోడాలూ లేవడాలూ.

ఫిబ్రవరిలో ఒకనాడు ఒంట్లోకి ఏనుగు దిగింది.
వంద వెయ్యమన్నాను.
మోరీన్ నోటుబుక్కులో పెన్సిలుతో వంద రాసింది.
నా మొహం చూసింది.
రబ్బరుతో చెరిపి అరవై రాసింది.
"రాత్రి నిద్రపోలేదు నువ్వు."
సుద్ద డబ్బాని కాలితో తన్నాను.
ఆమె నల్ల బూట్లు రెండూ తెల్లబడ్డాయి.
దులుపుకోలేదు.
ఆ పూటంతా అలాగే తిరిగింది,
నేను అరవైని
దించుతూ, దించుతూ, దించుతూ ఉంటే.

ఏప్రిల్. నెట్స్‌లో గడ్డి ఇంకా తడి.
పన్నెండు అంగలు. ముందుకాలు.
బంతి ఎటో పోయి వల ఊగింది,
"అది ఎవరికేశావే?" అని ఫిలిపా పకపకా నవ్వింది.
నేను నడుము మీద చెయ్యేసి వింటున్నాను.
ఏమీ లేదు.
ఇంకాసేపు విన్నాను.
ఏమీ లేదు.

కంచె అవతల ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని
మోరీన్ నా బూటు దిగిన గుంట కేసే చూస్తోంది.
బావుందనలేదు.
జేబులో పెన్సిలు వెతుక్కుంటోంది.