తిరిగొచ్చిన పెట్టె

నాలుగో రోజు పొద్దున
పీణ్యా రెండో స్టేజీలో, నీళ్ళ ట్యాంకరు వెనకాలే
చిన్న వ్యాను ఒకటి వచ్చి నిలబడింది.
"గంగరత్న అంటే ఎవరు?" కన్నడంలో అడిగినాడు పిల్లోడు.
"మా ఇంటామె. ఊళ్ళో లేదు."
"పెట్టె వచ్చింది, మనిషి రాలేదా!"
నవ్వి, సంతకం పెట్టమన్నాడు.

మనిషి ఇథియోపియాలో ఉంది.
ఆడ కొత్తగా తెరిచిన బట్టల ఫ్యాక్టరీలో
రెండు వందల మంది ఆడపిల్లలకు
కాలరు ఎట్ల తిప్పాలో, చేతిపట్టీ ఎట్ల కలపాలో
నేర్పేదానికి పోయింది.
పద్దెనిమిదేండ్ల పనితనం చేతుల్లో పోయింది,
కత్తెర మాత్రం ఈ నీలం పెట్టెలో ఉండిపోయింది.

ఆ రాత్రి విమానం రెండు పదికి.
పదిన్నరకే హెబ్బాళ దాటిన బస్సులో మేమిద్దరం,
మోకాళ్ళ సందున ఈ పెట్టె.
గాజు తలుపు కాడ పోలీసాయన టికెట్టు చూసి
ఆమెను లోపలికి, నన్ను బయటికి
కుట్టు విప్పినంత సులువుగా విడదీసినాడు.

రెండు పది కాస్తా నాలుగు నలభై ఆయె.
నాలుగు నలభై, ఏడు ఇరవై అయిదు ఆయె.
"బోర్డు మీద మళ్ళా మార్చినారు" అని ఫోను.
"టీ నూట ఎనభై అంట, నువ్వు బయట తాగొద్దు" అని ఇంకో ఫోను.
"ఇంటికి పో, నిద్ర చెడుతుంది."
"ఎగిరినాక పోతాలే."

ఆమెది పగటి షిఫ్టు, నాది రాత్రి.
ఇన్నేండ్ల కాపురంలో ఆమె లేచే మంచంలో నేను పడుకున్నా.
పార్కింగు గట్టు మీద నేను, ఇనుప కుర్చీలో ఆమె,
తెల్లార్లూ మాట్లాడుకునింది అదే మొదటిసారి.
ఏం మాటలంటే ఏం చెప్పేది?
ఫ్రిజ్జు కంతులు. మేడ మీది అద్దెవాళ్ళ కుక్క.
మూడు దాటినాక, దోమలు కుడతా ఉంటే,
నోరు జారి నిజం చెప్పేసినా:
"నీ కాళ్ళ పట్టీలు బస్సులో పోలేదు. తాకట్టు పెట్టినా."
అవతల ఏదో ప్రకటన మోగి ఆగింది.
"తెలుసు. రసీదు నీ చొక్కా జేబులోనే ఉండె.
ఉతికి, ఆరబెట్టి, మళ్ళా ఆన్నే పెట్టినా."

ఎనిమిదింటికి ఎగిరింది.
నడుమ ఎడారి ఊళ్ళో ఎక్కాల్సిన విమానం దొరకలేదు,
ఒక రాత్రి నేల మీద పడుకునింది,
దిగినాక చూస్తే పెట్టె లేదు.
మూడు రోజులు అదే చీర.
హిరుత్ అనే పిల్ల తెల్ల శాలువా తెచ్చి కప్పిందంట.
భాష తెలీదు, కాలరు పట్టుకొని చూపిస్తే చాలంట.
ఆడ గడియారం పొద్దు పుట్టినాక మొదలవుతుందంట,
మనం ఏడు అనేది వాళ్ళకు ఒంటిగంట.
"ఇంక లేటు ఎవరిని అడిగేది?" అని నవ్వింది.

పెట్టె అసలు ఎగరనే లేదు.
చీటీ సగం చినిగి
ఈ ఊరి విమానాశ్రయంలోనే ఏ పట్టా కిందనో పడుండింది.
మేము మాట్లాడుకునేదంతా
గోడకానుకొని విన్నదో ఏమో.

తెరిచినా. రెండు చీరలు, ఇంచి టేపు,
మూడు కవర్లలో చుట్టిన చెనిక్కాయ పొడి,
యశవంతపురంలో ఎదురుగా నిలబడి మర పట్టించిన
అరకేజీ కాఫీ పొడి.
ఫోనులో చెప్తే ఆమె ఒకటే నవ్వు:
"కాఫీ పుట్టిందే ఈ దేశంలోనంట!
నేను చికోరీ కలిపించుకొని బయల్దేరితిని.
ఆ పొడి నువ్వే తాగు."

విమానం వాళ్ళు ఇంకోసారి పంపుతామన్నారు.
"ఏమేమి పెట్టమంటావు?"
కాసేపు ఏమీ పలకలేదు.
వెనక మిషన్లు వానలాగ కురుస్తా ఉన్నాయి.
"కత్తెర పంపు. ఈడివి నా చేతికి కుదరడంల్యా.
మిగతావి ఎట్లనో జరిగిపోతాయి."

పెట్టేయబోతా ఉంటే మళ్ళా అనింది:
"అది లేటయితే
నాకు ఫోను చెయ్యి."