అడ్డం ఏడు

చీమకుర్తి కాటా గదిలో
లారీకీ లారీకీ నడుమ
బిల్లుల వెనకవైపు గళ్ళు గీస్తాను.
ఈ వారం అడ్డం ఏడు: ఎలక్ట్రాన్.

ఎ, ల, క్ట్రా, న్.
కంటికి ఆనని దానికి
నాలుగు గళ్ళు కావాల్సొచ్చాయి.
చీమతో మొదలయ్యే ఊళ్ళో
ఎలకతో మొదలయ్యే మాట,
తప్పేముంది?

ఎ కింద ఎసరు దిగింది.
ల కింద నల్లగడి.
మూడో గడి కాడ బండి ఆగింది.
క్ట్రా పట్టుకుని కిందికి దిగే మాట
అద్దంకి నుంచి కందుకూరు దాకా
ఏ నోటా లేదు.

ఆధారం మాత్రం ముందే రాసిపెట్టాను:
'రుణంతోనే పుడుతుంది, తీర్చదు,
తిరుగుతూనే ఉంటుంది.'
పాలిషింగు షెడ్డు కాశింబీ
నీళ్ళకొచ్చి విన్నది.
"మా ఆయనేగా" అంది.
మస్తాన్, అని వేళ్ళు మడిచి
"ఒక గడి మిగులుద్దే" అని నొచ్చుకుంది.

చెంగుకంతా రాతిపొడి.
పొద్దుటి నుంచీ కళ్ళు తిరుగుతున్నాయంట.
సొరుగులోంచి పొట్లం తీసిచ్చాను.
చింపబోతూ, కూడబలుక్కుని,
పైకే చదివింది
ఎ... ల... క్ట్రా... ల్.

నేను పెన్సిలు వెతుక్కున్నాను.

పైనుంచి దిగాల్సిన మాట అది,
కింది నుంచి వెతికాను ఇన్నాళ్ళూ.
ఆమె ఉప్పునీళ్ళు తాగి
గ్లాసు కడిగి బోర్లించి
రంపం మోతలోకి వెళ్ళిపోయింది.

ఇంక నల్లగళ్ళు నింపాలి.
మా రాయంత నలుపు వస్తుంది గానీ
రాయిలోని బంగారు చుక్కలు
పెన్సిలుకి రావు.