ఏడు కిలోలు

రైల్వేస్టేషను ఎదురుగా
సామాన్లు దాచిపెట్టే గది నాది.
సంచికి రోజుకు నలభై రూపాయలు.
పిడి పట్టి పైకెత్తితే చాలు
బరువెంతో మోచెయ్యి చెప్పేస్తాది.
నాందేడు నుంచి వచ్చినామె సూట్‌కేసు పద్దెనిమిది,
సేలం పెండ్లికొడుకు బ్యాగు తొమ్మిదిన్నర.
కాటా అన్నా తప్పు చెప్తాదేమో గానీ
నా చెయ్యి చెప్పదు.

అందుకే సింగపూరు లెక్క
మా ఇంట్లో బరువు కాడ మొదలైంది.
చౌక విమానంలో మనిషికి ఏడు కిలోలంట.
నలుగురికి ఇరవై ఎనిమిది.
పులిహోర పొడి కిలో, మురుకులు కిలోన్నర
(ఆడ ప్లేటు అన్నం ఆరునూర్లని విని
మా ఆయన కండ్లు తేలేసినాడు),
కరెంటు కుక్కరు రెండు కిలోలు,
దాని పిన్ను ఆ ఊరి గోడకు పడతాదో లేదో తెలవదు.
మిగిలిన బరువుకు బట్టలు.
బట్టల సందులో బీపీ మాత్రలు.

లెక్క రాసేది టోకెన్ల పుస్తకం వెనక అట్ట మీద.
విమానం అరవై రెండు వేలు. పాస్‌పోర్టులు అయిదు.
వీసాలు పన్నెండు. పార్కు టికెట్లు ఇరవై మూడు.
రూము ఇరవై ఒకటి.
అదీ ఒక్క రూములో నలుగుర్ని ఒప్పుకుంటే.
ఇద్దరమని చెప్పి ఆరుగురు దూరే యాత్రికుల్ని
పక్క లాడ్జి మేనేజరు తిట్టేది రోజూ వింటాను.
ఆ తిట్లు ఇంగ్లీషులో ఎట్లుంటాయో.

మునెమ్మక్క కాడ లక్ష రూపాయల చీటీ ఉండాది.
తోసి పాడితే ఎనభై రెండు చేతికొస్తాది.
ఇంకా నలభై ఒకటి తక్కువ.
నలభై ఒక వెయ్యి అంటే ఎంతో నాకు తెలీదు.
వెయ్యిన్నీ ఇరవై అయిదు సంచులంటే తెలుస్తాది.
నడుము అప్పుడే నొప్పి మొదలుపెట్టింది.

దినాలు కూడా కుదరలా.
బడికి సెలవులిచ్చే ఎండాకాలమే
దేశమంతా కొండకొచ్చేది.
ఊరోళ్లకు సెలవులంటే మాకు సంచులు.
ఆగస్టులో నాలుగు దినాలు చూడమన్నాను,
లిఖిత క్లాసు టీచరుకు ఏ జొరం చెప్పాల్నో
ఇంకా తేల్చుకోలేదు.

లైను దాటి పోయే పాసు ఒకటుందంట,
మనిషికి ఇంకో నాలుగు వేలు.
మా ఆయన నవ్వినాడు:
"కంపార్టుమెంటులో పద్నాలుగు గంటలు కూర్చున్నోళ్లం.
గంట లైనుకు దుడ్లు కడతామా?"
"ఆడ కడాన సామి ఉండడు నాయనా,
రెండు నిమిషాలు తిప్పి దించేస్తారు."
"ఈడ మాత్రం? అర నిమిషం.
జరగండి, జరగండి."

అంతా అయినాక
లిఖిత ఫోను చూసి మెల్లగా చెప్పింది.
ఆ పెద్ద బండి ఎక్కాలంటే
నూట ఇరవై రెండు సెంటీమీటర్లు ఉండాలంట.
గుణ నూట పందొమ్మిది.

కాళహస్తి బస్సులో వీణ్ణి
ఎన్నిమార్లు ఒళ్లో కుదించినానో.
"మోకాళ్లు ముడుచుకో. అయిదు నిండలేదని చెప్పు."
ఆరు నిండినా నిండలేదు వాడికి, కండక్టరు ముందర.
ఇప్పుడు అదే నోటితో
"నిటారుగా నిలబడరా" అంటే
నా మొగం చూస్తాడు,
ఏ అబద్ధానికి ఎంత ఎత్తు కావాల్నో తెలియక.

రోజూ పొద్దున గది తలుపుకు వీపానించి
పెన్సిలు గీత గీయించుకుంటాడు.
నిన్నటి గీత మీదనే ఈపొద్దుటి గీత.
గీత లావవతా ఉంది గానీ
పైకి పోవడం లేదు.

రాత్రి ఆఖరి రైలు జనం తగ్గినాక
ఉత్తుత్తికే ఒక బ్యాగు సర్దినాను.
పైకెత్తితే మోచెయ్యి ఏడుంబావు అనింది.
ఒక చీర తీసినాను. ఏడు.
నాలుగో అరలో పెట్టి టోకెను కట్టి
పుస్తకంలో మొదటిసారి నా పేరే రాసుకున్నాను.
అద్దె గడిలో అడ్డగీత.
తీసుకుపోయే తేదీ కాడ చెయ్యి ఆగిపోయింది.

షట్టరు సగం దించి తిరిగి చూస్తే
ఆ గడిలో గుణ రాసేసినాడు,
వంకర అంకెలతో:
122.