చేతికందిన గెల

జీలుగు పైనుంచి కిందికి పూస్తుంది.
మొదటి గెల ఆకాశం పక్కన,
తర్వాతది ఓ బారెడు కింద.
ఏడేళ్లు ఒక్కో మెట్టూ దిగి
ఈ ఫాల్గుణానికి నా భుజం దాకా వచ్చింది.
దీని తర్వాత ఇక గెల లేదు.

సొంబారు మోకు ఇంట్లోనే వదిలేసి వచ్చాడు.
నేల మీద నిలబడి గెల కొస చెక్కుతుంటే
చేతులకి పని తెలుసు,
కాళ్లకే ఏమీ తోచక
మట్టిని రాసుకుంటున్నాయి.

"ఓలమ్మా, లొట్టిలో సున్నం పూసీసినావేటి!
కల్లు అవనివ్వవా?" అన్నారు
గుణుపురం సంతకెళ్లేవాళ్లు.
సున్నం లేకపోతే పొద్దెక్కేలోపే
తీపి మనసు మార్చుకుంటుంది.
మారిన ఆ మనసంటే నాకూ ఇష్టమే, అబద్ధమెందుకు.
ఈ ఒక్క ఏడూ మారకముందుది కావాలనిపించింది.

కోడి కూయకముందే దించాం.
పాత పంచె నాలుగు మడతల్లో వడగడితే
తేనెటీగలు మూడు,
చీమలకి లెక్క లేదు.
పన్నెండు శేర్లు పొయ్యెక్కాయి.

ముందు నీళ్లలాగే మరిగింది, ఏ గొప్పా లేకుండా.
తర్వాత చేపకళ్లు.
తర్వాత వానాకాలం కప్పలా
బుడుక్కు బుడుక్కు మింగడం.
తేటనీటి రంగు గడ్డిరంగై, తేనెరంగై,
ఎండు తేలు రంగు దగ్గర ఆగింది.
ఆ సమయంలో కన్ను తిప్పకూడదు.
సరిగ్గా అప్పుడే స్టేషన్లో రైలు కూసింది.
తిప్పాను.
ఒక్క కూత మేర మాడింది.

దించి చూస్తే ఒక్క శేరు.
"మిగతా పదకొండూ ఏవి తాతా?" అంది సుసానా.
"కప్పు తాగీసింది" అన్నాడు సొంబారు
చూరులోంచి ఇంకా పోతున్న ఆవిరి చూపించి.
అది నమ్మింది.
తల ఎత్తి, తడిసిన గడ్డిని
నాలుక చాపి నాకబోయింది.

రెండు మందుసీసాలు నిండాయి. ఒకటి వాడిది.
చోడి అంబలి మీద ఇంత పోసుకుని, చెట్టుకి వీపు ఆనించి
వేలు నాకుతూ అన్నాడు:
"మొదటి గెల కోసినప్పుడు పైనుంచి
వంశధార కనిపించీది,
దాటి ఆంధ్రా పొలాలు,
ఆటిల్లో ఎవులో గొడుగేసుకుని నడుస్తంటే
గొడుగు రంగు కూడా తెలిసీది."

"మరిప్పుడు ఏటి కనిపిస్తంది?" అన్నాను.

అటూ ఇటూ చూశాడు, నిజంగానే వెతికినట్టు.

"నీ పొయ్యి.
ఆరిపోతంది, చూసుకో."