పది నిమిషాలు

డండీలో మిసెస్ లమ్స్‌డెన్ ఇంట్లో
మెయిరీ మోకాళ్ళ మీద కూర్చుని
తివాచీ పోగొకటి పీకి అగ్గిపుల్లకిచ్చింది.
వెంట్రుక కాలిన వాసన.
"ఉన్ని. ఆ ఘాటు డబ్బా వ్యాన్‌లోనే ఉండనీ."

పొడి చల్లి దులిపేది ఆఫీసులకి,
గంటలో బూట్లతో నడవాలి వాళ్ళకి.
గుండ్రటి గుడ్డ తిప్పే మిషను
పైపైన తుడిచి మిగతాది లోపలికి తోస్తుంది,
చుట్టాల పరామర్శలా.
వేడినీళ్ళు కొట్టి లాగేదే అడుగంటా వెళ్తుంది,
కాని తడి ఎక్కువైతే
కింది జనపనార గోధుమరంగు కక్కుతుంది.
జనపనార నేసి బతికిన ఊరిది, ఊరికే పోనిస్తుందా!

సోఫా వెనక, ఎవరూ చూడని మూల
పెన్నీ అంత మేర మందు వేసి
తెల్లగుడ్డ అద్ది చూసింది. రంగు దిగలేదు.
అప్పుడు చల్లింది, బ్రష్షుతో దువ్వింది.
నేను గొట్టం అందుకోబోతే
చెయ్యి అడ్డం పెట్టింది:
"పది నిమిషాలు. నాననీ.
ఆరనివ్వకు."

బయట టే నది మీద వాన.
లోపల, కుర్చీ జరిపిన చోట నాలుగు గుంటలు,
పక్కన పాత టీ మరక.
గొంతు తగ్గించి అడిగాను,
గుర్తుగా వాటినలా వదిలెయ్యమంటారా అని.

మిసెస్ లమ్స్‌డెన్ కళ్ళజోడు తుడుచుకుంది.
"ముప్పై ఏళ్ళు ఆ కుర్చీలోంచి లేవలేదు బాబూ ఆయన.
కనీసం వాటినన్నా లేపు."

మెయిరీ గడియారం చూసింది.
ఇంకా నాలుగు నిమిషాలు.