నూట నలభై ఏడో పొర

పత్తికొండ నుంచి ఉరుకుందమ్మ
టమాట మొక్కను వేరుతో సహా
తడి గోనెలో చుట్టి తెచ్చింది.
"సూడు మేడమ్, టమాటకు బుడ్డలు కాసినాయి" అని నవ్వింది.
ముప్పై ఏళ్లు బుడ్డలు పెరికిన చెయ్యి,
వేరు ఉబ్బితే ముందు పంటే గుర్తొస్తుంది.

బుడ్డలు కావవి.
కంటికి ఆనని నులిపురుగు
మొక్కతోనే కట్టించుకున్న కొంపలు.

ఒక బుడిపెను మైనంలో నిలబెట్టి
మూడు వందల పన్నెండు పొరలుగా కోశాను.
దాని ముందు ఉల్లిపొర దుప్పటి.
కరెంటు పోయి వచ్చే కర్నూలు గదిలో
పొర పొరకూ ఫోటో తీసి
తెర మీద గోడ వెంబడి గోడ గీసుకుంటూ పోయాను,
చుక్కలు పెట్టని ముగ్గు.
మామూలు కణానికి పచ్చ, పురుగుకు ఎరుపు,
ఉబ్బినవాటికి ఏదీ నప్పక పసుపు.

పదకొండు వారాలకు
కంప్యూటరు పొరలన్నీ పేర్చి
గాలిలో తిప్పి చూపించింది.
కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.
విడివిడిగా తొమ్మిదనుకున్నవి ఐదే గదులు,
వంకర్లు తిరిగి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.
మధ్యలో తల దూర్చుకుని ఎర్రటిది.
కదలదు. కదలాల్సిన పని లేదు.

పురుగు కణాన్ని చంపదు.
చంపితే వండిపెట్టేదెవరు?
చీలకుండా పెరుగు, అంటుంది.
ఒక్క గదిలో అరవై కేంద్రకాలు,
అడ్డుగోడ ఒక్కటీ లేదు.
నీళ్లు మోసే నాళాల వైపు గోడ మాత్రం
లోపలికి మడతలు మడతలు పోయింది,
అందినంతా తాగి, తాగిందంతా ఇచ్చేయడానికి.
పైన, మడిలో తడి ఉండగానే
మధ్యాహ్నానికి ఆకు తల వాలుస్తుంది.

శనివారం ఉరుకుందమ్మ మళ్లీ వచ్చింది.
బొమ్మను తనే తిప్పింది,
మొదట వేలికొసతో, తర్వాత చాట తిప్పినట్టు.
"ఇల్లు బాగనే ఉంది. వాకిలి యాడ?"

వెతికాను.
పురుగు వచ్చిన దోవ ఏ పక్క నుంచీ లేదు.
అప్పుడు గుర్తొచ్చింది నూట నలభై ఏడో పొర.
బ్లేడు కింద చిరిగి
గాజుపలక మీద ముడుచుకుపోయింది.
అటు పొరా ఇటు పొరా చూసుకుని
కంప్యూటరే అక్కడ గోడ కట్టేసింది,
నున్నగా, నాకే అనుమానం రాకుండా.

చెప్తే ఆమె ఏమీ అనలేదు.
కొంగు ముడి విప్పి బంతి విత్తనాలు చూపించింది.
"పురుగుకు ఇది గిట్టదంట, మా ఆడబిడ్డ చెప్పింది.
ఏరు పారినాక తెస్తా, దీన్నీ కోసి సూడు."

ఆమె బస్సుకు పోయాక
ఆ ఒక్క పొరకు రంగు తీసేశాను.
ఇప్పుడు తిప్పితే బుడిపెలో
సన్నటి చీలిక కనబడుతుంది, అవతలి వెలుతురుతో సహా.
అలాగే ఉంచాను.